చింతపండుతో తోమకండి

సంపాదకుల గారికి నమస్కారం.

మా దేవరకొండలో పాత ఇళ్లు కూల్చినప్పుడు, ఒకప్పుడు దుకాణదారులు చిల్లరకు బదులు ఇచ్చిన రాగి, ఇత్తడి బిళ్లలు బయటపడుతుంటాయి. వాటిని తూకానికి అమ్మేస్తున్నారు. పోయిన నెల ఒక పాత సామాన్ల కొట్టుకు నేను వెళ్లేసరికి దోసెడు బిళ్లలు అప్పుడే కరిగించడానికి వెళ్లిపోయాయి. నాకు ఇంకా కడుపు మండుతూనే ఉంది.

యుద్ధం వస్తే ముందు మాయమయ్యేది చిల్లరే. అమెరికా అంతర్యుద్ధంలో జనం నాణేలు దాచేసుకుంటే, అక్కడి దుకాణదారులు సెంటు సైజులో సొంత బిళ్లలు కొట్టించుకున్నారు. 1864లో చట్టం చేసి వాటిని ఆపించారు. 1863 నాటి బిళ్ల ఒకటి నా దగ్గరుంది. దాని మీద ‘వన్ సెంట్’ అని పెద్దగా, పైన ‘నాట్’ అని చిన్నగా ఉంటుంది. దొంగనాణెం అన్న కేసు రాకుండా ఆ జాగ్రత్త!

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1943లో, లోహం ఆదా కోసం బ్రిటిష్ ఇండియా పైసాకు నడుమ పెద్ద రంధ్రం పెట్టారు. మన నిజాం రెండు పైల నాణెమూ అలాంటిదే. మా నాయనమ్మ వాటిని దారానికి గుచ్చి దాచేది.

ఇలాంటివి దొరికితే దయచేసి చింతపండుతో తోమకండి. నల్లబడిన పొరే వాటి వయసుకు సాక్ష్యం, అది పోతే విలువ పోయినట్టే. ఏ ఇంట్లో, ఏ డబ్బాలో దొరికిందో చీటీ మీద రాసి పెట్టండి. మన జిల్లాలోని పానగల్లు మ్యూజియంలో దుకాణం బిళ్లలకు ఒక అద్దాల పెట్టె కేటాయిస్తే, నా దగ్గరున్నవన్నీ ఇచ్చేస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా