డ్రాపరు నిండా ఎంత మందు?

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలికి మూడో నెల. పుట్టినప్పటి నుంచీ రోజుకు ఒక మి.లీ. విటమిన్‌ డి చుక్కల మందు పడుతున్నాం. ఈమధ్య సీసా అయిపోతే వేరే కంపెనీది తెచ్చాం. డ్రాపరు అచ్చం పాతదానిలాగే ఉంది. నాలుగు రోజులయ్యాక మా అమ్మాయి అట్టపెట్టె మీద చీమతలకాయలంత అక్షరాలు కూడబలుక్కుని చదివింది. పాత మందులో మి.లీ.కి 400 ఐ.యు. (విటమిన్‌ను కొలిచే అంతర్జాతీయ యూనిట్లు), కొత్తదాంట్లో 800! డాక్టరుకు ఫోన్‌ చేస్తే, ఆరు నెలల్లోపు పిల్లలకు రోజుకు 1000 ఐ.యు. పైహద్దు, అది దాటలేదు కాబట్టి భయం లేదు, ఇకనుంచి అర మి.లీ. పట్టమన్నారు. ఊపిరి పీల్చుకున్నాం. ఒక్క చుక్కలోనే 400 ఐ.యు. ఉండే మందులూ దొరుకుతాయట. మి.లీ.కి ఇరవైకి పైనే చుక్కలు. ఆ సీసా మా ఇంటికి వచ్చి ఉంటే?

ఇది చదివి మందు మానేయకండి. తల్లిపాలలో అన్నీ ఉన్నా విటమిన్‌ డి మాత్రం చాలా తక్కువ. ఎండలో పడుకోబెడితే సరిపోతుందని నేనూ వాదించినదాన్నే. అయితే ఆరు నెలల్లోపు లేత చర్మానికి నేరుగా ఎండ తగలనివ్వకూడదంటున్నారు. కిటికీ అద్దం వెనక పడుకోబెట్టినా లాభం లేదు, కావాల్సిన కిరణాలను అద్దమే ఆపేస్తుంది. రికెట్స్‌తో కాళ్లు వంకరపోకుండా ఉండాలంటే రోజుకు 400 ఐ.యు. అందాల్సిందే.

ఎక్కువైతే మాత్రం ఇది మూత్రంలో పోయే విటమిన్‌ కాదు. కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, చివరికి మూత్రపిండాలకే చేటు. మల్టీవిటమిన్‌ చుక్కల్లోనూ, డబ్బాపాలలోనూ విటమిన్‌ డి ఉంటుంది. రెండు సీసాలు వాడేవాళ్లు ఆ లెక్క కూడా చూసుకోవాలి.

పసిపిల్లల మందుతో ఇచ్చే డ్రాపరులో 400 ఐ.యు.కి మించి పట్టకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే తయారీదారులకు సూచించింది. సూచనతో సరిపెట్టకుండా ఎక్కడికక్కడ దాన్ని నిబంధన చేయాలి. ఒక కంపెనీ ఐ.యు. అని, ఇంకొకటి మైక్రోగ్రాములని రాస్తే మాలాంటివాళ్లకు ఏం తెలుస్తుంది? 10 మైక్రోగ్రాములంటే 400 ఐ.యు. అని నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది. 'ఒక రోజుకు ఇంతే' అని సీసా మీదే మన భాషలో పెద్దక్షరాలతో వేయాలి. డాక్టర్లు కూడా చీటీలో 'ఒక మి.లీ.' అని ఊరుకోకుండా ఎన్ని ఐ.యు.లో రాయాలి. సీసా మారితే మందుల షాపువాళ్లు ఆ మాట చెప్పి మరీ చేతికివ్వాలి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ