కారు కొనేముందు నాలుగు కొలతలు

ప్రియ మిత్రమా,

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగులకు బదులు గాలి తిత్తుల మీద నిలబడే ఏర్పాటు) ఉన్న పాత కారు కొనబోతున్నావని చదవగానే ఇది రాయడానికి కూర్చున్నాను. నా కారుకు, దాని ఎత్తును కనిపెట్టే లెవెల్ సెన్సర్ మార్చింది ఈ మధ్యనే.

ఇక్కడ మిషిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ నీళ్లు కారు అడుగున చేరి ఇనుమును తినేస్తాయి. నా సెన్సర్ కడ్డీ కీలు అలాగే తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఆగి ఉన్న కారు రాత్రంతా మెల్లగా కుంగితే అది చాలావరకు గాలి కారడమే. నాది వేరు: నడుస్తుండగానే వెనక ఒక మూల అకారణంగా పైకి లేచేది, హెచ్చరిక దీపం వెలిగేది. ఈ తేడా గుర్తుపెట్టుకో, లేకపోతే బాగున్న కంప్రెసర్ (గాలి నింపే పంపు) మార్పించి డబ్బు గుంజుతారు.

సెన్సర్ అంటే చట్రానికి బిగించిన చిన్న డబ్బా, దానికో చేయి. చేతి కొసన ఉన్న కడ్డీ చక్రాన్ని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్‌కు తగులుకుని ఉంటుంది. చక్రం కదిలితే చేయి తిరుగుతుంది, వోల్టేజీ మారుతుంది. కంప్యూటర్‌కు తెలిసేది ఆ వోల్టేజీయే, మిల్లీమీటర్లు కావు. కొత్త సెన్సర్ వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా కారు ఎత్తు మారిపోతుంది. అందుకే బిగించాక ఎత్తును కంప్యూటర్‌కు మళ్లీ నేర్పాలి. చాలామంది మెకానిక్‌లు ఎగ్గొట్టేది ఈ పనినే, నాకు ఒళ్లు మండేదీ ఇక్కడే. సమతలమైన నేల, సరైన టైరు గాలి, ఖాళీ డిక్కీ ఉండాలి. చక్రం మధ్య నుంచి దాని పైనున్న రేకు, అంటే ఫెండర్ అంచు వరకు కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఆ అంకెలను సస్పెన్షన్ కంప్యూటర్‌తో మాట్లాడగలిగే స్కానర్‌లో ఎక్కించాలి. మామూలు చౌక స్కానర్లకు ఇది చేతకాదు. హెడ్‌లైట్లు కూడా ఈ సెన్సర్లనే నమ్ముకుని వంగే కార్లలో వాటినీ సరిచేయించాలి, లేకపోతే ఎదురొచ్చేవాడి కళ్లు బైర్లు కమ్ముతాయి.

1955లో వచ్చిన ఫ్రెంచి కారు సిట్రోయెన్ డీఎస్‌లో ఈ తంటా లేదు. ఒక కడ్డీ నేరుగా కవాటాన్ని తిప్పి ఎత్తును సరిచేసేది. ఆ పనితనానికి చేతులెత్తి మొక్కాలి!

ఒక్క మాట మాత్రం కచ్చితంగా విను. బరువు మోసే స్టాండ్లు లేకుండా ఆ కారు కింద తల పెట్టకు, పెట్టనివ్వకు. వ్యవస్థను ఆపకుండా కడ్డీ ఊడదీస్తే కారు మరీ ఎత్తులో ఉందనుకుని కంప్యూటర్ గాలి వదిలేయవచ్చు. మనిషి నలిగిపోతాడు.

కారు చూడటానికి వెళ్లినప్పుడు టేపు తీసుకెళ్లు. ఇంజను వేసి, కారు మామూలు ఎత్తుకు వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా కొలిచి, ఆ అంకెలు నాకు పంపు. బయానా ఇచ్చేది ఆ తర్వాతే.

నీ మిత్రుడు