తత్త్వమసి తిరిగి వచ్చిన దారి

రాజమహేంద్రవరం

చిరంజీవి అమ్మలుకు, నాన్న ఆశీస్సులు.

నువ్వు ఫ్రాంక్‌ఫర్ట్ శ్మశానవాటికలో తీసి పంపిన, జర్మన్ తత్త్వవేత్త షోపెన్‌హావర్ సమాధి ఫొటో చూశాను. పుట్టిన సంవత్సరం గాని, పోయిన సంవత్సరం గాని లేకుండా పేరొక్కటే చెక్కిన ఆ రాతిపలక మీద చాలాసేపు నా కళ్లు నిలిచిపోయాయి. దాని కింద నువ్వు రాసిన "ఈయన చెప్పిందంతా మన ఉపనిషత్తుల నుంచి తీసుకున్నదే కదా నాన్నా" అన్న వాక్యం మాత్రం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. ముప్ఫై ఏళ్లు కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పినవాణ్ని కనుక, ఫోనులో ఒక్క మాటతో తేల్చేయడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయనకు ఉపనిషత్తులు సంస్కృతంలో అందలేదు. షాజహాన్ పెద్దకొడుకు దారా షికో కాశీ పండితుల సాయంతో 1657లో యాభై ఉపనిషత్తులను పారసీలోకి తెచ్చాడు; 1659లో తమ్ముడు ఔరంగజేబు అతణ్ని చంపించాడు. ఆ పారసీ ప్రతి ఫ్రెంచి పండితుడు ఆంక్తీల్ దుపెరోన్ చేతికి చేరి, లాటిన్‌లోకి మారి, 1801-02లో స్ట్రాస్‌బూర్గ్‌లో 'ఔప్నెఖత్' పేరుతో రెండు సంపుటాలుగా అచ్చయింది. మూలమెక్కడో, వ్యాఖ్య ఎక్కడో విడదీయడం కష్టమైన ఆ పుస్తకాన్ని 1814లో, ఇరవై ఆరేళ్ల వయసులో, షోపెన్‌హావర్ వైమార్ గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివాడు. తన బ్రతుకుకు అది ఊరట అయిందనీ, చావుకూ అదే ఊరట అవుతుందనీ 1851లో రాశాడు. రెండు అనువాదాలు దాటి వచ్చిన మాట కూడా ఒక మనిషిని అంతగా పట్టుకోగలిగిందంటే, ఆ గౌరవంలో సగం దారా షికోకు చెందాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అయినా "అంతా తీసుకున్నదే" అనడం న్యాయం కాదు, తల్లీ. దేశకాలాలూ కార్యకారణాలూ మన బుద్ధి పెట్టే అచ్చులేననీ, ఆ అచ్చుకు అవతల ఉన్న వస్తువు మనకు తెలియదనీ ఆయనకు ముందుతరం జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1781లోనే చెప్పాడు. ఆ దారిలోనే నడిచి షోపెన్‌హావర్ తన పరిశోధన గ్రంథాన్ని 1813లో, అంటే ఉపనిషత్తులు ముట్టకముందే, ముగించాడు. మాయ అన్న మాట ఆయనకు తర్వాత దొరికింది; తాను అప్పటికే చూస్తున్నదానికి అది సరిగ్గా అమరిన పేరు. పైగా ఆ మాయ తెరకు అవతల ఆయనకు కనిపించినది బ్రహ్మం కాదు, ఎప్పటికీ ఆకలి తీరని గుడ్డి ఇచ్ఛ. తాడును చూసి పాము అనుకున్నవాడికి దీపం తెస్తే భయం పోతుందని శంకరులు అంటారు, ఎందుకంటే ఆయన దృష్టిలో అవతల ఉన్నది చైతన్యం, ఆనందం. షోపెన్‌హావర్ దగ్గర దీపం తెచ్చినా కనబడేది ఊరట కాదు. నన్నడిగితే ఆ ఇచ్ఛకు దగ్గరి చుట్టం సాంఖ్యుల ప్రకృతి, అంటే వాళ్లు చెప్పే జడమైన మూలపదార్థం, లేదా బౌద్ధుల తృష్ణ, అంటే తీరని కోరిక; అద్వైతుల బ్రహ్మం కాదు. అదే కాలంలో బెర్లిన్‌లో హెగెల్ అనే ఇంకో తత్త్వవేత్త మన దర్శనాలను తత్త్వచరిత్ర గడప దగ్గరే నిలబెట్టేశాడు. ఆ వాదం నాకు మింగుడుపడదు, దాని సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నేను అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. నువ్వు మూడో తరగతిలో ఉండగా వీధిలో కుక్కపిల్లను రాయితో కొట్టావు. అది మూడు కాళ్ల మీద కుంటుతూ అరుగు కిందికి దూరితే, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని "అదీ నువ్వే, నొప్పి నీకే" అన్నాను. ఉపనిషత్తులోని తత్త్వమసి ('అది నువ్వే') అన్న మాటకు అర్థం అదేనని చెప్పాను. నువ్వు ఏడ్చి, గిన్నెలో పాలు పోసి అరుగు కిందికి తోశావు.

ఆ మాట ఉన్న ఛాందోగ్య ఉపనిషత్తు ఆరో అధ్యాయం తీసి చూడు. ఉద్దాలకుడు కొడుకు చేత నీటిలో ఉప్పు వేయించి, మర్నాడు పైనుంచి, నడుమనుంచి, అడుగునుంచి రుచి చూడమంటాడు. ఉప్పు కనబడదు, అంతటా ఉంటుంది. అది నువ్వే అని తొమ్మిదిసార్లు అంటాడు. అక్కడ ఇంకొకరి నొప్పి ప్రసక్తి లేదు, శంకర భాష్యం కూడా ఆ చోట జ్ఞానం గురించే మాట్లాడుతుంది. ఆ మాటను కరుణకు పునాదిగా నిలిపినవాడు, పెంచుకున్న కుక్కలకు ఆత్మ అని పేరు పెట్టుకున్న ఈ షోపెన్‌హావరే. ఆయన్ని గురువుగా ఎంచుకున్న జర్మన్ పండితుడు పాల్ డాయ్‌సన్ 1893లో బొంబాయికి వచ్చి, పొరుగువాణ్ని నీలాగే ప్రేమించమని బైబిల్ చెబుతుంది, ఎందుకు ప్రేమించాలో తత్త్వమసి చెబుతుంది అని ఉపన్యసించాడు. 1896లో వివేకానందులు జర్మనీలోని కీల్ నగరానికి వెళ్లి డాయ్‌సన్‌ను కలిశారు. ఆ తర్వాత లండన్‌లో వేదాంతాన్ని నిత్యజీవితానికి అన్వయించి మాట్లాడారు. ఈ నీతి ఆ దారినే మనకు చేరిందని జర్మన్ పండితుడు పాల్ హాకర్ వాదించాడు. ఆ వాదం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న నాకు చెప్పినదీ, నేను నీకు చెప్పినదీ ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వచ్చిందా అనిపించింది.

హాకర్ మాట పూర్తిగా ఒప్పుకోను. సుఖమైనా దుఃఖమైనా తనతో పోల్చుకుని అన్నిటా సమంగా చూసేవాడే గొప్ప యోగి అని గీత ఆరో అధ్యాయంలో ఉంది; సర్వభూతాలను తనలో చూసేవాడికి ఏవగింపు ఉండదని ఈశావాస్య ఉపనిషత్తు అంటుంది. విత్తనం మన ఇంట్లోదే. అయితే ఈ ఒక్క మహావాక్యంలో దాన్ని నాటి, మొలకెత్తించిన చేతిలో ఒక జర్మన్ చేయి కూడా ఉంది, దాన్ని కాదనను.

నాకొక పని చేసిపెట్టు. కరుణకు షోపెన్‌హావర్ వాడిన జర్మన్ మాట మిట్‌లైడ్. విడదీస్తే 'తోడు', 'బాధ' అని నిఘంటువు చెబుతోంది. ఈ రోజుల్లో అక్కడివాళ్లు ఆ మాటను తోడుగా బాధపడడం అనే అర్థంలో వాడుతున్నారా, లేక మన 'జాలి'లాగా పైనుంచి కిందికి చూసే అర్థంలోనా? నీ పక్కగది అమ్మాయిని అడిగి రాయి.

ఇట్లు,
మీ నాన్న