పగడాలను ఎత్తే ముందు వాటి జన్యువులు చదవండి: కేంద్ర పర్యావరణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

గ్రేట్ నికోబార్‌లో పోర్టు కట్టాలనుకుంటున్న గలాథియా అఖాతం ప్రాంతంలో 20,668 పగడపు కాలనీలు, అంటే గుత్తులుగా పెరిగే పగడాలు, ఉన్నాయని చెప్పి, వాటిలో 16,150 కాలనీలను తీసి వేరే చోట నాటాలని ప్రతిపాదించారు. 2023లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ముందు చర్చకు వచ్చిన అంకెలు ఇవే. పోర్టు కావాలా వద్దా అన్న వాదన చాలామంది చేస్తున్నారు. నేను ఈ ఉత్తరం రాస్తున్నది మాత్రం ఈ అంకెల గురించే. కాలనీలు ఎన్నో ఇవి చెబుతాయి. సముద్రం వేడెక్కితే వాటిలో ఏది నిలబడుతుందో, ఏది చస్తుందో చెప్పవు. ఆ సంగతి పగడాల జన్యువుల్లో ఉంది. దాన్ని చదవకుండా ఒక్క కాలనీని కూడా కదపవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

నేను శ్రీ విజయపురంలో, అంటే మా నోటికి అలవాటైన పోర్ట్ బ్లెయిర్‌లో, పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మాది శ్రీకాకుళం తీరం నుంచి వలస వచ్చిన కుటుంబం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఇక్కడి జంగ్లీఘాట్‌లో ఉన్న మా బంధువుల్లో చాలామందికి చేపల వేటే బతుకు. గ్రూపర్, స్నాపర్ లాంటి చేపలు పిల్లలుగా ఉన్నప్పుడు దాక్కునేదీ, పెరిగాక తిరిగేదీ పగడపు దిబ్బల చుట్టూనే. దిబ్బ పోతే మావాళ్ల వలలో ఏం పడుతుంది?

పగడాన్ని చాలామంది రాయి అనుకుంటారు. అది జంతువు. దాని కణాల్లో ఒంటికణపు ఆల్గేలు కాపురముంటాయి. ఎండతో ఆహారం తయారు చేసి ఎక్కువ వాటా పగడానికే ఇస్తాయి, దాని రంగూ వాటివల్లే. నీటి వేడి ఆ చోట ఏడాదిలో అత్యంత వేడి నెల సగటును ఒక్క డిగ్రీ దాటి కొన్ని వారాలు అలాగే ఉంటే, ఈ కాపురం చెడుతుంది. ఆల్గేల్లో కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి, కణాలను కాల్చేసే రకం ఆక్సిజన్ పుడుతుంది. పగడం ఆ ఆల్గేలను బయటికి నెట్టేస్తుంది. అప్పుడే తెల్లబడుతుంది. ఆ దశలో ఇంకా ప్రాణం ఉంటుంది గానీ తిండి ఉండదు. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, లేకపోతే చస్తుంది. మన సముద్రాల్లో 1998, 2010, 2016లో పెద్ద ఎత్తున ఇలా జరిగింది. 2024లో లక్షద్వీప్ పగడాలు మళ్లీ తెల్లబడ్డాయి. ప్రపంచం మొత్తం మీద నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించింది కూడా 2024 ఏప్రిల్‌లోనే.

తెల్లబడటం మన కంటికి కనిపించడానికి చాలా ముందే లోపల పెద్ద పోరాటం మొదలవుతుంది. వేడి తగిలిన కొన్ని గంటల్లోనే వందల జన్యువులు తమ పని వేగం మార్చుకుంటాయి. వేడికి ప్రొటీన్లు ముడతలు విప్పుకుని పాడవుతాయి కాబట్టి, వాటిని పట్టి మళ్లీ సరిగా మడిచే హెచ్‌ఎస్‌పీ70, హెచ్‌ఎస్‌పీ90 లాంటి రక్షక ప్రొటీన్ల జన్యువులు జోరందుకుంటాయి. విషపు ఆక్సిజన్‌ను విరగ్గొట్టే ఎంజైములు తయారవుతాయి. బాగుపడని కణాన్ని చంపాలా ఉంచాలా అని తేల్చే జన్యువులు కదులుతాయి. ఇదంతా ఖర్చుతో కూడిన పని. అందుకే ఒంటి పెరుగుదల, అస్థిపంజరం కట్టడం మందగిస్తాయి. మనం చూసేసరికి ఆ పగడం తన శక్తినంతా ధారపోసి ఉంటుంది.

అన్ని పగడాలూ ఈ పోరాటాన్ని ఒకే తీరుగా చేయవు. 2016 వేసవిలో మా ఊరి దగ్గరి నార్త్ బే నీళ్లలో మునిగి చూసినప్పుడు ఒకే జాతి కొమ్ముల పగడాలు రెండు, చేయి చాపితే రెంటినీ తాకగలిగేంత దగ్గరగా కనిపించాయి. ఒకటి పూర్తిగా తెల్లబడి, పలచటి కణజాలం కింద అస్థిపంజరం గీతలు కూడా తెలిసేలా ఉంది. పక్కది గోధుమ రంగు చెక్కుచెదరకుండా ఉంది. లోతు అదే, ఎండ అదే, నీళ్లు అవే. ఒకే చోట ఒకటి ఓడి, ఒకటి నిలవడానికి కారణం ఏమిటని పిల్లలు అడిగితే చెప్పడానికి ఇవాళ మంచి జవాబులు ఉన్నాయి.

పసిఫిక్‌లో అమెరికన్ సమోవాకు చెందిన ఓఫు అనే చిన్న దీవి తీరంలో పగడాలు పెరిగే మడుగులు పక్కపక్కనే ఉన్నాయి. ఒక మడుగులో ఆటు వేళ నీళ్లు 34, 35 డిగ్రీల దాకా కాగిపోతాయి. ఇంకోదాంట్లో అంత వేడెక్కవు. అక్రోపోరా హయసింథస్ అనే పగడపు జాతి రెండింట్లోనూ ఉంది. డేనియల్ బార్షిస్, స్టీఫెన్ పలుంబిల బృందం 2013లో ప్రచురించిన పరిశోధనలో ఒక విశేషం బయటపడింది. వేడి మడుగు పగడాల్లో 60 జన్యువులు, వేడి లేని మామూలు రోజుల్లో కూడా, పై స్థాయిలోనే పనిచేస్తున్నాయి. చల్లటి మడుగు పగడాలు వేడి తగిలాక లేచి పరుగెడితే, ఇవి ముందే సిద్ధంగా ఉంటున్నాయన్నమాట. ఆ మరుసటి ఏడాది అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. చల్లటి మడుగు పగడాలను తెచ్చి వేడి మడుగులో నాటితే రెండేళ్ల లోపే వాటికి వేడి ఓర్చుకునే శక్తి పెరిగింది. అయితే అక్కడే పుట్టి పెరిగిన వాటితో మాత్రం పూర్తిగా సరితూగలేదు. కొంత అలవాటుతో వస్తుంది, కొంత పుట్టుకతోనే రావాలి.

పుట్టుకతో వచ్చే ఆ భాగం ఎంత బలమైందో 2015లో ఆస్ట్రేలియాలో తేలింది. గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తరాన వెచ్చటి నీళ్లలో ఉండే అక్రోపోరా మిల్లెపోరా అనే జాతి పగడాలను, 5 డిగ్రీల అక్షాంశం దక్షిణాన ఉండే అదే జాతి పగడాలతో సంకరం చేశారు. ఉత్తరాది తల్లిదండ్రులున్న లార్వాలకు, అంటే పగడపు పిల్లలకు, వేడిలో బతికే అవకాశం పది రెట్ల దాకా పెరిగింది. ముఖ్యంగా తల్లి వెచ్చటి నీళ్లదైతే ఆ మేలు బాగా కనిపించింది. 2020లో అదే జాతికి చెందిన 237 కాలనీల జన్యువులు చదివినవాళ్లు మరో ముఖ్యమైన మాట చెప్పారు. వేడిని తట్టుకునే గుణం ఒక్క జన్యువులో లేదు. ఎన్నో జన్యువుల్లో చిన్నచిన్న తేడాలు కలిస్తే వచ్చే గుణం అది. కాబట్టి మంచి జన్యువు ఒకటి పట్టుకుని దాన్నే పెంచేద్దాం అంటే కుదరదు. వైవిధ్యం మొత్తాన్నీ కాపాడుకోవాలి.

మన రైతుకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. కరువులో కూడా గింజ కట్టిన మొక్కను చూసి, దాని విత్తనం విడిగా దాచుకున్నవాడు ఆయన. 2010లోనూ 2016లోనూ బతికి బట్టకట్టిన పగడాలు మన సముద్రం దాచిపెట్టుకున్న విత్తనం. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు మనకు తెలియాలి.

ఇక్కడే 16,150 అన్న అంకె నాకు టెన్షన్ పెడుతోంది. కొమ్ముల పగడాలు తుపానుకు విరిగి, ఆ ముక్కలు పక్కనే అతుక్కుని కొత్త కాలనీలుగా పెరుగుతాయి. చూడటానికి పది కాలనీలు, జన్యుపరంగా ఒక్కటే ప్రాణి. అలాగే ఒక కాలనీని వంద ముక్కలు చేసి నాటితే లెక్కలో వంద కనిపిస్తాయి, జన్యువుల లెక్కలో మాత్రం ఒకటే. ఆ ఒక్కటీ వేడికి ఆగనిదైతే వందా ఒకే వారంలో పోతాయి. పైగా గలాథియా సామాన్యమైన చోటు కాదు. 2004 డిసెంబర్ 26 భూకంపానికి గ్రేట్ నికోబార్ దక్షిణ కొస 4 మీటర్లకు పైగా కుంగింది. అదే భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, దిబ్బలు నీటి బయటపడి పగడాలు మాడిపోయాయి. ఇంత జరిగిన సముద్రంలో నిలదొక్కుకున్న ప్రాణుల దగ్గర ఏ గుణాలున్నాయో చూడకుండానే పెకలించడం సరికాదు.

నాటితే చాలు అనుకుంటే ఏమవుతుందో ఫ్లోరిడా చూసింది. అక్కడ దశాబ్దాలుగా నర్సరీల్లో కొమ్ముల పగడాలను పెంచి సముద్రంలో నాటుతూ వచ్చారు. చాలా శ్రద్ధగా చేసిన పని అది. 2023 వేసవిలో నీళ్లు ఎన్నడూ లేనంత కాగిపోయాయి. అక్కడి దిబ్బలు కట్టిన రెండు ముఖ్యమైన అక్రోపోరా (కొమ్ముల పగడాల) జాతులూ దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని, దిబ్బను కట్టే పనిలో అవి ఇక లేనట్టేనని 2025లో శాస్త్రవేత్తలు తేల్చారు. అదే ఏడాది మయామీ తీరంలో కొత్త ప్రయత్నం మొదలైంది. హోండురాస్‌లోని వేడి నీళ్లలో బతికిన పగడాలతో ఫ్లోరిడా పగడాలను సంకరం చేసి, ఆ పిల్లలను నాటారు. వాళ్లు అంతా పోగొట్టుకున్నాక జన్యువుల దగ్గరికి వచ్చారు. మనకు ఇంకా పోగొట్టుకోనివి ఉన్నాయి.

మీరు చేయించాల్సింది పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. కదపబోయే ప్రతి కాలనీ నుంచి గోరంత ముక్క తీసి, ఆల్కహాల్‌లో భద్రపరిచి, డీఎన్‌ఏ చదివించాలి. దాని జాతి, దానికి దగ్గరి చుట్టాలెవరు, దాని కణాల్లో ఉన్న ఆల్గే ఏ రకం, ఇవన్నీ ఆ ముక్కలోనే దొరుకుతాయి. ఆల్గే రకం చాలా ముఖ్యం. డురుస్‌డినియం అనే రకం ఉన్న పగడాలు ఒకటి, ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ వేడిని ఓర్చుకోగలవని ఆస్ట్రేలియా పరిశోధనల్లో తేలింది, కాకపోతే నెమ్మదిగా పెరుగుతాయి.

దీంతోపాటు వేడి పరీక్ష పెట్టాలి. పడవ మీదే చేయగలిగిన పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. నాలుగు తొట్లు తీసుకుంటారు. ఒకదాంట్లో ఆ చోటి అత్యంత వేడి నెల సగటు ఉష్ణోగ్రత అలాగే ఉంచుతారు. మిగతా మూడింటినీ 3 గంటల్లో 3, 6, 9 డిగ్రీలు పైకి తీసుకెళ్తారు. ఒక్కో కాలనీ నుంచి తీసిన చిన్న ముక్కలను అన్ని తొట్లలోనూ పెట్టి, ఆ వేడిలో 3 గంటలు ఉంచి, గంటలో మళ్లీ కిందికి దించుతారు. ముక్కలను చీకట్లో ఉంచి, ఆల్గేలు ఎంత బాగా పనిచేస్తున్నాయో ఫ్లోరోమీటర్‌తో కొలుస్తారు. మధ్యాహ్నం మొదలుపెడితే మర్నాడు పొద్దున్నకల్లా, మొత్తం 18 గంటల్లో పరీక్ష పూర్తవుతుంది. ఏ కాలనీ ఎంత వేడికి లొంగిందో ఒక పట్టిక చేతికొస్తుంది. కదిపే ముందు ఆ పట్టికను జనం చూసేలా బయట పెట్టండి. కదపక తప్పనిచోట కూడా అండమాన్ సముద్రం కాగే ఏప్రిల్, మే నెలల్లో ఆ పని పెట్టుకోవద్దు. వేడితో ఒకసారి, చోటు మార్పుతో ఇంకోసారి దెబ్బ తింటే ఏ పగడమైనా తట్టుకోలేదు.

ఈ పనికి కావలసిన సంస్థలు దేశంలోనే ఉన్నాయి. సముద్రం వేడెక్కుతోందని, పగడాలకు ముప్పుందని హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉంది. అంతరించిపోతున్న జీవుల జన్యువుల మీద పనిచేసే సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల కూడా ఆ ఊళ్లోనే ఉంది. నీళ్లలో దిగి పగడాల జాతులు గుర్తించగలిగే జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం మా దగ్గర ఉంది. ఒకటి భూవిజ్ఞాన శాఖది, ఒకటి సీఎస్ఐఆర్‌ది, ఒకటి మీది. ఈ మూడింటినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగేది మీ స్థాయి వారే. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి చిన్న ముక్క తీయాలన్నా అనుమతి కావాలి. అది న్యాయమే. కానీ ఇన్‌కాయిస్ హెచ్చరిక వచ్చాక ఫైలు మొదలైతే, అది కదిలేలోపు వేడి రావడమూ పోవడమూ జరిగిపోతాయి. ఆ కొన్ని వారాల్లో తీసిన నమూనాల్లోనే పోరాడుతున్న జన్యువులు కనిపిస్తాయి. అందుకని గుర్తింపు ఉన్న ప్రయోగశాలలకు హెచ్చరికతోపాటే అమల్లోకి వచ్చేలా ముందస్తు అనుమతి ఇవ్వండి.

జన్యువులు ఉన్నాయి కదా, పగడాలే సర్దుకుంటాయని ఎవరైనా మీకు చెబితే నమ్మవద్దు. భూతాపం 1.5 డిగ్రీల దగ్గర ఆగినా 70 నుంచి 90 శాతం పగడాలు పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని 2018లో ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ చెప్పింది. ఓఫు మడుగుల్లోని పగడాలకూ ఒక హద్దుంది. కర్బన ఉద్గారాలు తగ్గించే బాధ్యత మీ మీద, మా మీద అలాగే ఉంటుంది. జన్యువులు చదవడం వల్ల ఆ హద్దు దాకా నిలిచే పగడాలేవో తెలుస్తుంది, వాటిని మన చేతులతో మనమే చంపుకోకుండా ఉంటాం.

వచ్చే ఏప్రిల్ లోపు ఒక్క చోట మొదలుపెట్టించండి. వండూర్‌లోని మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్క్ అయితే అందరికీ దగ్గర. అక్కడ కొన్ని కాలనీలకు గుర్తులు వేసి, నమూనాలు తీసి, వేడి పరీక్ష పెట్టి, మేలో అవే కాలనీలను మళ్లీ చూద్దాం. ఏది తెల్లబడిందో, ఏది నిలిచిందో పట్టికతో సరిపోల్చుకుందాం. ఆ నీళ్లు తెలిసిన మనుషులను, పడవలను జంగ్లీఘాట్ నుంచి నేను కూడగడతాను. పరికరాలు, అనుమతి మీరు ఇప్పించండి.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
శ్రీ విజయపురం, దక్షిణ అండమాన్