మన ఆటస్థలం, ఆ వీడియో సంగతి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గత శుక్రవారం నుంచి ఊళ్లో ఫోన్లన్నింటిలో తిరుగుతున్న వీడియో నాకూ వచ్చింది, నాలుగు వైపుల నుంచి. మన తొమ్మిదో తరగతి ఆడపిల్లలు గడ్డిలో వెదురు మేకులు పాతుతూ, ప్లాస్టిక్ గొట్టం పట్టుకుని నడుస్తున్నారు. కింద "బడిలో పిల్లలతో కూలిపని" అని రాత. తీసినవారు గోడ అవతల నిలబడే బదులు గేటు తీసుకుని లోపలికి వచ్చి ఉంటే మంచినీళ్లిచ్చి చెప్పేదాన్ని. ఏ పిల్లా తట్ట ఎత్తలేదు, పార పట్టలేదు. ఆటస్థలం చదును చేసే మట్టిపని యాజమాన్య కమిటీ పెట్టిన కూలీలు చేస్తున్నారు. పిల్లలు చేసింది కొలత. అది లెక్కల పీరియడ్.

ముందు మామూలు విషయాలు: యూనిట్ పరీక్షల పేపర్లు సంతకం చేసి పంపండి, ఆధార్‌లో పేరు తప్పులున్నవాళ్లు ఈ నెలలోనే సరిచేయించుకోండి, చవితికి సెలవు ఉంది.

ఇక ఆటస్థలం. మన గడ్డి దూరం నుంచి చూస్తే పచ్చగా, ముచ్చటగా ఉంటుంది. పరిగెత్తితేనే అసలు సంగతి తెలుస్తుంది. జూలైలో ఏడో తరగతి పాప చీలమండ బెణికింది అక్కడే. "మేడమ్, జేసీబీ పంపిస్తాం, ఒక్క పూటలో చదునైపోతుంది, డబ్బులేమీ వద్దు" అని కొందరు పెద్దమనసుతో అన్నారు. వద్దన్నానని కోపంగా ఉన్నారనీ విన్నాను. కారణం చెప్పాలి కదా.

మనది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుని నెర్రెలిస్తుంది. ఏటా వేసవిలో ఎవరో ఒక దాత ఆ నెర్రెల్లో గ్రావెల్ పోయించడం, వానలకు నేల ఉబ్బి, చోటు చాలక అక్కడే బొడిపెలు లేవడం మామూలైపోయింది. జేసీబీ పైనున్న గరికనూ మంచి మట్టినీ కలిపి గీకేస్తుంది. ఆ తర్వాత మిగిలేది ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. వచ్చే ఏడు నేల మళ్లీ కదులుతుంది, మళ్లీ జేసీబీ కావాలి. రోలర్ తిప్పితే చాలన్న మాటా విన్నాను. తడి మీద తిప్పితే నేల గట్టిపడి నీరు ఇంకదు, ఎండలో తిప్పితే బొడిపె అణగదు.

అందుకే నెమ్మది పద్ధతి పెట్టుకున్నాం. బొడిపె ఉన్నచోట గరికను వేళ్లతో సహా చాపలా కోసి పక్కకు తీసి, అదనపు మట్టి తోడి, మళ్లీ పరవడం. లోతు గుంతల్లోనూ అంతే, కాకపోతే తోడే బదులు నింపడం. నింపేది మన నల్లమట్టే, బయటి మట్టి కాదు. రెండు మట్టులు ఒకే తీరుగా ఉబ్బవు. చిన్న ఎత్తుపల్లాల మీద జల్లించిన మట్టి విడతకు అరంగుళం చొప్పున చల్లి పలకతో లాగుతున్నాం. అంతకంటే మందంగా వేస్తే గరిక ఊపిరాడక చస్తుంది. పలచగా వేస్తే అదే పైకి పాకి మట్టిని పట్టుకుంటుంది. ఇదంతా పదును ఉన్నప్పుడే: వాన వెలిశాక పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తడితే విడిపోవాలి. వానల మధ్య అలాంటి రోజులు కొన్నే దొరుకుతాయి, అందుకే పని సాగదీస్తున్నట్టు కనిపిస్తోంది.

ఇప్పుడు ఆ గొట్టం. నీళ్లు నింపిన గొట్టం రెండు కొసల్లో మట్టం ఒకే ఎత్తులో నిలుస్తుంది, దానితో రెండు చోట్ల నేల ఎత్తు పోల్చుకోవచ్చు. మేస్త్రీలందరికీ తెలిసిన విద్యే. ఖోఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. పూర్తి సమంగా ఉంటే నీరు నిలుస్తుంది కాబట్టి మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున మురుగుకాలువ వైపు వాలు కావాలి. అంటే ఈ కొస నుంచి ఆ కొసకు 27 సెంటీమీటర్లు. ఆ లెక్కన మేకులకు గుర్తులు పెట్టింది మీరు వీడియోలో చూసిన అమ్మాయిలే. కోర్టంతా అరంగుళం పరచాలంటే ఎంత మట్టి కావాలో కూడా వాళ్లే తేల్చారు: దాదాపు 5.5 ఘనపు మీటర్లు. గొట్టంలో గాలిబుడగ ఉంటే కొలత తప్పుతుందని మాకందరికీ చూపించినవాడు ఎనిమిదో తరగతి కుర్రాడు, తాపీమేస్త్రి కొడుకు. లెక్కల్లో వాడికొచ్చిన మార్కులు ఇక్కడ రాయను, అవి వాడికి తగినవి కావు.

ఇంత పట్టుదల దేనికంటారా? ఖోఖోలో పరిగెత్తే పిల్ల చూపు తరిమే పిల్ల మీద ఉంటుంది, కాలికింది గుంత మీద ఉండదు. 2025 జనవరిలో ఢిల్లీలో తొలి ఖోఖో ప్రపంచకప్పు జరిగితే మన దేశపు అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ గెలిచారు. ఆ ఆటకు బ్యాటు కొననక్కర్లేదు, బూట్లు కొననక్కర్లేదు, కావలసింది రెండు స్తంభాలూ నమ్మదగిన నేలా. ఆ నేల కూడా ఇవ్వలేక "మన ఆడపిల్లలు ఆటల్లోకి రారండీ" అనే మాట నా ముందు ఎవరూ అనకండి, దయచేసి. వస్తారు. సాయంత్రం ఇంటి బెల్లు కొట్టినా వెళ్లకుండా ఆడినవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. వంటకు చెయ్యి సాయం కావాలని వాళ్లను మధ్యలో పిలిపించుకునే అమ్మలకు కూడా నా మనవి ఇదే: ఆ అరగంట వాళ్లకు వదిలేయండి. కూర తమ్ముడు తరుగుతాడు.

మీరు పిల్లల మీద ప్రేమకొద్దీ వానరోజున బండిని గడ్డి మీదుగా వరండా మెట్ల దాకా తెస్తున్నారు. ఆ ప్రేమ లోతు మొన్న కొలిచాం, నాలుగంగుళాలు. గేటు నుంచి మెట్ల దాకా పిల్లలు నడవగలరు; ఇంట్లో రాత్రి పదకొండు దాకా ఫోను చూసే ఓపిక ఉన్నవాళ్లకు ఇదొక లెక్క కాదు. గేదెల విషయంలోనూ ఇంతే, తడి నేల మీద ఒక్కో గిట్ట ఒక్కో గుంత. షామియానా గుంజలు పాతినవారు గోతులు పూడ్చి వెళ్లడం ఆనవాయితీగా పెట్టుకుంటే సంతోషిస్తాను. చవితి పత్రికి గరిక కావాలంటే కాలువగట్టున బోలెడుంది, కొత్తగా పరిచిన చాపలు మాత్రం పీకకండి.

సోమవారం నుంచి ఆటలన్నీ ఉత్తరం వైపే. దక్షిణం వైపు తాడు కట్టి ఉంటుంది. పెద్ద గేటు తాళం ఇకపై నా బల్ల సొరుగులో ఉంటుంది; బండి లోపలికి రావాలంటే నాతో ఒక మాట చెప్పి తీసుకోండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు