సైకిల్ మిత్రులకు: రోహిణి కార్తె జాగ్రత్తలు

అందరికీ నమస్తే. రోహిణి కార్తె వచ్చేసింది, ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. రోజూ సైకిల్ మీద ఆఫీసుకో షాపుకో పోయేవాళ్లం కాబట్టి ఈ నాలుగు మాటలు చదవండి.

కుదిరితే పొద్దున తొమ్మిదిలోపే చేరిపోండి. పది నుంచి నాలుగు దాకా ఎండలో చురుకు ఎక్కువ.

సన్‌స్క్రీన్ ఆడవాళ్లకే అనుకునే అన్నలకు ఒక మాట, పోయినేడు నేనూ అట్టాగే అనుకొని మెడ వెనక తోలు ఊడగొట్టుకున్నా. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 ఉన్నది చాలు, బయల్దేరే పావుగంట ముందు ముఖానికి, చెవులకి, మెడ వెనక, ముఖ్యంగా హ్యాండిల్ పట్టుకున్నప్పుడు ఎండకు ఎదురుగా ఉండే చేతుల పైభాగానికి దండిగా పూయండి. చెమటకు పోతుంది కాబట్టి బయటే తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

క్రీమ్ వద్దనుకుంటే పూర్తి చేతుల వదులు చొక్కా, హెల్మెట్ కింద మెడ దాకా దిగే తుండు. పల్చటి తెల్ల చొక్కాలోంచి ఎండ లోపలికి దిగుతుంది, కాస్త మందం ఉన్నదే మేలు. కళ్లద్దాలు యూవీ 400 (ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపేవి) అని చూసి కొనండి.

మన నెల్లూరు పెన్నా బ్రిడ్జి మీద నీడే ఉండదు, నీళ్ల సీసా మర్చిపోవద్దు. తల తిరిగితే వెంటనే దిగి నీడకు పోండి, పంతం వద్దు.

ఆదివారం పొద్దున 5:30కి వీఆర్సీ సెంటర్‌లో కలుద్దాం, తుండు, నీళ్లు తెచ్చుకోండి. మజ్జిగ నాది. వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోపు చెయ్యెత్తండి.