చిన్నిని షాపుకు ఎందుకు తీసుకురావడం లేదంటే

వాట్సాప్ స్టేటస్‌లో మా కుక్కపిల్ల చిన్ని ఫోటో పెట్టినప్పటి నుంచి, తిరుపతిలో మా పెట్ షాపుకొచ్చే వాళ్లందరిదీ ఒకటే మాట. "అక్కా, కుక్కపిల్ల ఏదీ? తీసుకురావచ్చు కదా!" పిల్లలైతే కౌంటర్ కిందకి వంగి మరీ వెతుకుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. దాంతో పాటు షాపులో కొన్ని పద్ధతులు మారుస్తున్నాను, అవీ ఇందులోనే చెప్పేస్తాను.

చిన్ని చంద్రగిరి దగ్గర మా చిన్నమ్మ వాళ్ల తోటలో పుట్టిన నాటు కుక్కపిల్ల. రెండు నెలలు నిండాకే తెచ్చుకున్నాం. అక్కడ తల్లి పాలు, సంగటి, మజ్జిగన్నం తిని పెరిగింది. తల్లి పక్కన లేదు, ఇల్లు కొత్త, తిండి కొత్త, రాత్రంతా ఒకటే ఏడుపు. వచ్చిన రెండు మూడు రోజులకే మోషన్స్ పట్టుకున్నాయి. మొదట పల్చగా, తర్వాత జిగురుగా. వాంతులు మాత్రం లేవు. చెప్పు దొరికితే కొరుకుతోంది, గిన్నెలో నీళ్లు తాగుతోంది. అలా హుషారుగా ఉన్నంతసేపు టెన్షన్ పడక్కర్లేదు, కానీ గమనించుకుంటూ ఉండాలి.

నేను చూసుకున్నది చిగుళ్లు. పై పెదవి కొంచెం ఎత్తి, చిగురు మీద వేలితో నొక్కి వదిలితే ఆ చోటు తెల్లబడుతుంది. రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగులోకి వచ్చేయాలి. చిగురు తడిగా, వేలు జారేలా ఉండాలి. వేలికి బంకగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిపోతున్నట్టు. నాటు కుక్కలకు చాలా వాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్పను మెల్లగా లాగి లోపలి రంగు చూడాలి. చిన్నికి రెండూ బాగానే ఉన్నాయి కాబట్టి ఆ రాత్రి ఇంట్లోనే ఉంచి, పొద్దున్నే శుభ్రమైన చిన్న డబ్బాలో మోషన్ తీసుకుని మన వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్లాం. 1955 నుంచి ఉన్న కాలేజీ అది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశు వైద్య విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందకి వెళ్లింది. ఇంత పెద్ద ఆసుపత్రి ఊళ్లోనే పెట్టుకుని, ముందు పెట్ షాపుకు పరిగెత్తుకొచ్చే వాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మైక్రోస్కోప్ కింద ఏలిక పాముల గుడ్లు కనిపించాయి. "ఇంట్లోంచి అడుగు బయట పెట్టలేదు, పురుగులు ఎలా వచ్చాయి?" అని మీలో చాలామంది నన్ను అడుగుతుంటారు. ఇవి బయటి నుంచే రావాలని లేదు. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు ఎక్కుతాయి. కొంకి పురుగులైతే పాల ద్వారా కూడా వస్తాయి. అందుకే రెండు వారాల వయసు నుంచే పురుగుల మందు మొదలుపెట్టి, కనీసం రెండు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి వేయమంటారు. మోతాదు బరువును బట్టి ఉంటుంది, పక్కింటి కుక్కకు ఎంత వేశారో మీ దానికీ అంతే వేయకూడదు. మందు పడ్డాక మర్నాడు మోషన్‌లో ఉడికించిన సేమియా లాంటివి పడ్డాయి. చూసి భయపడకండి, మందు పని చేస్తే అలాగే పడతాయి. మోషన్ ఎత్తేశాక మాత్రం పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి. ఈ పురుగుల గుడ్లు నోట్లోకి వెళ్తే మనుషులకూ మంచిది కాదు.

తిండి విషయానికొస్తే, మెత్తగా ఉడికిన అన్నం, అందులో సగం కొలతకు చికెన్, ఎముక, తోలు తీసేసి. ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లిపాయ అసలే లేదు. రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాం. పాలు పూర్తిగా మానేశాం. "కడుపు ఖాళీగా ఉంచితే సర్దుకుంటుంది" అని ఇంత చిన్నపిల్లను పస్తు పెట్టకండి, ఒంట్లో షుగర్ పడిపోయి సోలిపోతుంది. మోషన్ గట్టిపడ్డాక డాగ్ ఫుడ్ పావు వంతు కలిపి, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఇలా వారం పట్టేలా మార్చాం.

ఇప్పుడు అది బాగుంది. మరి షాపుకు ఎందుకు తేవడం లేదంటే, పార్వో భయం. వాంతులు, రక్తపు మోషన్స్‌తో కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు అది. మన షాపు నేల మీద రోజూ ఎన్నో కుక్కలు తిరుగుతాయి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి చావదు. మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోలేం. ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి తుడిచి, పది నిమిషాలు తడిగా వదిలేస్తున్నాం. అయినా గుమ్మం బయట మట్టికి నేను గ్యారంటీ ఇవ్వలేను. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలయ్యే టీకాలు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేయిస్తూ, పదహారు వారాలు నిండేదాకా కొనసాగించాలి. అవన్నీ పూర్తయ్యేదాకా చిన్ని ఇంట్లోనే ఉంటుంది. మీ కుక్కపిల్లలక్కూడా ఇదే మాట. టీకాలు పూర్తికాని పిల్లను లోపలికి తేకండి. బండి దగ్గరే ఉండి ఫోన్ చేయండి, మేమే బయటికి వస్తాం. మెడపట్టీ సైజు కూడా అక్కడే కొలుస్తాం.

మోషన్స్‌తో పాటు వాంతులు, దుర్వాసనతో రక్తం, తిండి ముట్టకపోవడం, పిలిచినా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. పార్వోలో పిల్లను నిలబెట్టేది సమయానికి ఎక్కించే సెలైన్.

ఇక "ఏదన్నా మాత్ర ఉంటే ఇవ్వక్కా" అనే విషయం. ఇవ్వను. మనుషులు మోషన్స్ ఆగడానికి వేసుకునే మాత్రలు లోపలి క్రిములను బయటికి పోనివ్వకుండా ఆపేస్తాయి. కోలీ లాంటి జాతుల్లో కొన్నిటికి ఆ మందు మెదడు మీద పని చేస్తుంది. యాంటీబయోటిక్ అయితే డాక్టర్ చీటీ లేకుండా అమ్మడమే చట్టం ఒప్పుకోదు, నాకు మెడికల్ షాపు లైసెన్సూ లేదు. దీని మీద అలిగి వెళ్లిపోయిన వాళ్లున్నారు. బేరం పోతే పోనీ, పిల్ల ప్రాణంతో ఆడుకోలేను.

ఈ వారమే పిల్లను తెచ్చుకున్న వాళ్లకు డాగ్ ఫుడ్ పెద్ద బస్తా కూడా అమ్మను. ఇన్నాళ్లూ ఏం తిన్నదో కనుక్కుని రండి, అదే రకం చిన్న ప్యాకెట్ ఇస్తాను. ఉన్నదున్నట్టు చెప్పాలంటే నాకు నాలుగు డబ్బులు మిగిలేది పెద్ద బస్తాల మీదే. అయినా కడుపు కుదుటపడకముందే పది కిలోలు కొని, అది పిల్లకు పడకపోవడంతో సగం పారబోసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

నెల రోజుల పిల్లను సంచిలో పెట్టుకొచ్చే వాళ్లకు ఒక మాట. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలే చెప్తున్నాయి. డబ్బులిచ్చే ముందే వయసు అడగండి.

మన ఊరి వాళ్లకు ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పాలి. కొండ మీద నుంచి చుట్టాలు దిగుతారు, లడ్డూ తెస్తారు, ప్రసాదమే కదా అని కుక్కకూ ఒక ముక్క పెడతారు. అందులోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఎంత తింటే ముప్పు అనే లెక్క ఒక్కో కుక్కకు ఒక్కోలా ఉంటుంది కాబట్టి అసలు పెట్టకండి. ఇప్పటికే తినేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

కొత్త పిల్ల కోసం మా దగ్గర పెద్ద బస్తా కొన్న వాళ్లు, ఇంకా తెరవకపోతే ఈ నెలాఖరులోపు తెచ్చివ్వండి. బిల్లు పోయినా పర్వాలేదు. చిన్న ప్యాకెట్ ఇచ్చి మిగతా డబ్బు చేతికిస్తాను.